ముద్దాయి పక్షమున వకీలు

ఊరిలో ఒకనిని పోలీసులు పట్టుకొని పోయినారని తెలియగానే ఇంటివారి నోట మొదట వెలువడు ప్రశ్నలు రెండే: మంచి వకీలు ఎవరున్నారు? ఎంత అడుగును? నేరము చేసినాడా, లేదా అను విచారణ తరువాతి సంగతి. ఆ రాత్రి ఆ ఇంట దీపము ఆరదు. పొలము పట్టా పెట్టెలోనుండి బయటికి వచ్చును. ఇల్లాలి మెడలోని నానుతాడు ఎన్ని తులములుండునో గుర్తుకు వచ్చును. కోర్టు వ్యవహారములు తెలిసిన పెద్దమనిషి కొరకు పొరుగూరికి కబురు పోవును.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'లో లుబ్ధావధానులు మీద హత్యానేరము వచ్చి పడినప్పుడు ఆ ముసలివాని అవస్థ మనమందరము ఎరిగినదే. అసలు హత్యయే లేదు. చచ్చినదనుకొన్న పెండ్లికూతురు ఆడపిల్లయే కాదు. అయినను ఉరికంబము నీడ ఆ ఇంటిమీద పడినది. సౌజన్యారావు పంతులు వంటి వకీలు పూనుకొనుటయు, మధురవాణి నిజము బయటపెట్టుటయు జరిగినందున అతడు గట్టెక్కినాడు. నాటకములో సౌజన్యారావు పంతులు దొరికినాడు గాని, కోర్టు ఆవరణలో అందరికిని అట్టివాడు దొరకునా?

వకీలును పెట్టుకొను హక్కు వేరు. వకీలు దొరకుట వేరు. ఈ రెండింటి నడుమనున్న దూరము దాటుటకు మన దేశమునకు సుమారు రెండు వందల సంవత్సరములు పట్టినది. ఆ దూరము నేటికిని పూర్తిగా తరుగలేదు. ఆ నడకలో ఒక ముఖ్యమైన ఘట్టము మన తెలుగునాటనే ఆరంభమైనది. ఆ కథ చెప్పుటకు ముందు కొంత పూర్వచరిత్ర తలచుకొనవలెను.

మన ధర్మశాస్త్రములలో వ్యవహారకాండ మిక్కిలి విస్తృతమైనది. ధనవివాదములలోను, భూవివాదములలోను వాది గాని ప్రతివాది గాని తనకు మారుగా మరియొకనిని నియోగించవచ్చునని స్మృతికర్తలు అంగీకరించినారు. కాని హత్య మొదలైన మహాపరాధములలో మాత్రము నిందితుడు తానే నిలిచి బదులు చెప్పవలెనన్నారు. చేసినవాడు ఒకడు, చెప్పువాడు మరియొకడు కారాదని వారి భావము కాబోలు.

ఇంగ్లండులో సైతము పరిస్థితి ఇంతకంటె ఉదారముగా ఉండెడిది కాదు. అప్పు విషయమై దావా పడినవాడు బారిస్టరును పెట్టుకొనవచ్చును. ఉరిశిక్ష పడదగిన నేరము మోపబడినవాడు మాత్రము పెట్టుకొనరాదు! న్యాయాధిపతియే ముద్దాయికి వకీలని అక్కడి పూర్వ న్యాయవేత్తలు సమాధానము చెప్పుకొనెడివారు. 1696లో రాజద్రోహపు కేసులకు మాత్రము ఈ నిషేధము తొలగినది. ఆ నేరము తరచుగా గొప్పవారి మీదనే పడెడిది గనుక వారి బాధ పార్లమెంటుకు త్వరగా అర్థమైనది. తక్కిన ఘోరాపరాధములలో సాక్షులను ప్రశ్నించుటకు వకీళ్లను పద్దెనిమిదవ శతాబ్దిలో క్రమక్రమముగా అనుమతించినారు గాని, జూరీనుద్దేశించి మాటలాడుటకు 1836 వరకు అనుమతి లేదు.

ఆ నిబంధన ఓడనెక్కి కలకత్తాకు కూడ వచ్చినది. వారన్ హేస్టింగ్సు లంచము పుచ్చుకొన్నాడని ఆరోపించిన మహారాజా నందకుమారుడు కొద్ది నెలలు తిరుగకుండనే ఫోర్జరీ నేరము క్రింద ఖైదైనాడు. 1775 జూన్ నెలలో అక్కడి సుప్రీంకోర్టులో ఇంపీ మొదలైన నలుగురు న్యాయాధిపతుల ఎదుట విచారణ నడచినది. నందకుమారుడు ధనవంతుడు, ఫారర్ అను ఆంగ్ల న్యాయవాదిని పెట్టుకొన్నాడు. ఫారర్ సాక్షులను ప్రశ్నించినాడు, చట్టాంశములు లేవనెత్తినాడు. కాని జూరీ ఎదుట నిలిచి తన కక్షిదారుని పక్షమున సాక్ష్యమును సమీక్షించి ఒక్క ఉపన్యాసము చేయుటకు ఆనాటి ఆంగ్ల ధర్మము ఒప్పుకొనలేదు. ఆగస్టు 5వ తేదీన నందకుమారుని ఉరితీసినారు. ధనమున్నను, వకీలున్నను, వకీలు నోరు సగము కట్టివేయబడి ఉండినది.

1836లో ఆ కట్టు విడిపోయిన తరువాత ఇంగ్లండులో ప్రశ్న మారినది: వకీలు మాటలాడవచ్చును సరే, అతనికి డబ్బిచ్చువారెవరు? దీనికి అక్కడివారు ఒక విచిత్రమైన ఆచారము పాటించినారు. పేద ముద్దాయి బోనులో నిలిచి, హాలులో గౌను తొడిగికొని కూర్చున్న బారిస్టర్లలో తనకు నచ్చినవానిని వేలితో చూపి కోరుకొనవచ్చును. రుసుము ఒక గినీ, దానిపై గుమాస్తాకు అర క్రౌను. దానికి 'డాక్ బ్రీఫు' అని పేరు. సదాచారమే, కాని ఆ గినీయైనను చేత లేనివాని గతి ఏమి? 1903లో పేద ఖైదీల రక్షణ చట్టము వచ్చువరకు ఆ ప్రశ్నకు అక్కడ చట్టములో జవాబు లేదు.

ఇక మన దేశము సంగతి. 1793లో కారన్‌వాలిసు బంగాళములో కోర్టులను సంస్కరించినప్పుడు వకీలు వృత్తికి ఒక క్రమము ఏర్పడినది. సనదు ఉన్నవారే వకాల్తా పుచ్చుకొనవలెననియు, వారి ఫీజు చట్టము నిర్ణయించినట్లుండవలెననియు నియమములు వచ్చినవి. ఆ సనదులు హిందువులకును మహమ్మదీయులకును మాత్రమే. 1846లో ఏ జాతివారైనను, ఏ మతమువారైనను అర్హత ఉన్నచో ప్లీడరు కావచ్చునన్నారు. అయితే ఈ ఏర్పాట్లన్నియు ప్రధానముగా సివిలు అదాలతుల కొరకు పుట్టినవి. భూమి, శిస్తు, వారసత్వము ఉన్నచోట వకీలుకు పని ఉన్నది, ప్రతిఫలమున్నది. మేజిస్ట్రేటు ఎదుట చేతులు కట్టుకొని నిలిచిన కూలివాని వద్ద ఏమున్నది?

1879లో వచ్చిన న్యాయవాద వృత్తి చట్టము ఈ వృత్తిని మరింత బిగించినది. కాలక్రమమున మన ప్రాంతములో ఒక నిచ్చెన తయారైనది. క్రింది మెట్టున రెండవ తరగతి ప్లీడరు, ఆపైన మొదటి తరగతి ప్లీడరు, ఆపైన హైకోర్టు వకీలు, అందరికిని పైన విలాయతిలో చదివి వచ్చిన బారిస్టరు. మెట్టు పెరిగినకొలది ఫీజు పెరుగును. ఈ నిచ్చెన ఎంత నిటారుగా ఉండెడిదో టంగుటూరి ప్రకాశముగారి జీవితమే సాక్ష్యము. రాజమహేంద్రవరములో రెండవ తరగతి ప్లీడరుగా పేరును ధనమును గడించిన తరువాత కూడ, పై కోర్టులో నిలిచి వాదించు అర్హత కొరకు ఆయన సముద్రము దాటి ఇంగ్లండు పోవలసి వచ్చినది. 1907లో బారిస్టరై మద్రాసు హైకోర్టులో ప్రవేశించినారు.

అదే చట్టములో, తరువాతి సవరణల మూలముగా, దళారుల ప్రసక్తి కూడ చేరినది. రైలు స్టేషనులోను, కోర్టు ఆవరణలోను పల్లెటూరివాని చేయి పట్టుకొని ఫలానా ప్లీడరువద్దకు తీసికొనిపోయి, ఆ ఫీజులో వాటా పుచ్చుకొను వారి పేర్ల జాబితాలను కోర్టులు తయారుచేసి ప్రకటించవచ్చుననియు, వారిని కోర్టు ఆవరణకు రానీయకపోవచ్చుననియు శాసించినారు. శాసనము ఇంతవరకు రావలసి వచ్చినదన్నచో ఆ వ్యాపారము ఎంత జోరుగా సాగెడిదో ఊహించుకొనవచ్చును. ప్రకటనలు చేసికొని కక్షిదారులను పిలుచుట వకీలు మర్యాదకు విరుద్ధము. ఆ నియమము మంచిదే గాని, దానివలన మంచి వకీలెవరో తెలిసికొనుటకు పల్లెవానికి నలుగురి నోటిమాట తప్ప ఆధారము లేకపోయినది. ఆ ఖాళీలోనే దళారి చొరబడినాడు.

1898 నాటి నేర విచారణ స్మృతి 340వ సెక్షనులో ఒక చక్కని మాట పడినది. క్రిమినలు కోర్టు ఎదుట నిందితుడైన ప్రతివాడును హక్కుగా ప్లీడరుచేత వాదింపజేసికొనవచ్చును. ఈ 'హక్కుగా' అను మాట చిన్నది కాదు. వకీలు వలదని కోర్టు అనరాదు, పోలీసు అనరాదు. అయితే ఆ సెక్షను తలుపు తెరచినదే గాని, లోపలికి నడిపించు భారము పుచ్చుకొనలేదు. డబ్బున్నవాడు లోపలికి పోవును. లేనివాడు గుమ్మమువద్దనే నిలిచిపోవును.

ఆ గుమ్మము ఎంత ఎత్తైనదో 1908లో అలీపూరు బాంబు కేసు లోకమునకు చూపినది. ఆ కేసులో అరవింద ఘోషుగారు ముద్దాయి. ప్రభుత్వ పక్షమున వాదించుటకు మద్రాసులో ప్రసిద్ధికెక్కిన బారిస్టరు ఎర్డ్లీ నార్టనును రప్పించినారు. ఆయన ఫీజు దినమునకు వేయి రూపాయలని ప్రతీతి. అరవిందుల సోదరి సరోజిని దేశప్రజలకు విన్నపము ప్రకటించి రక్షణ నిధికి చందాలు పోగుచేసినది. ధనవంతులతో పాటు పేదలును పంపినారు. అయినను విచారణ నెలల తరబడి సాగుటచేత ఆ నిధి కరగిపోయినది. మొదట కుదిరిన న్యాయవాది తప్పుకొన్నారు. అప్పుడు చిత్తరంజన్ దాసుగారు ముందుకు వచ్చి, తక్కిన కేసులు విడిచిపెట్టి, దాదాపు ప్రతిఫలము లేకుండ ఆ భారము వహించినారు. 1909 మే 6వ తేదీన అరవిందులు నిర్దోషియని విడుదలైనారు. దేశమంతయు ఎరిగిన మనిషికే వకీలు కొరకు బిచ్చమెత్తవలసి వచ్చిన దినములవి.

మద్రాసులో కూడ ఇట్టి పరీక్ష వచ్చినది. 1911 జూన్ నెలలో తిరునల్వేలి కలెక్టరు ఆష్ మణియాచ్చి స్టేషనులో హతుడైనాడు. ఆ కుట్ర కేసులో పధ్నలుగురిని మద్రాసు హైకోర్టులో విచారించినారు. కలెక్టరును చంపిన కేసులో ముద్దాయిల పక్షమున నిలుచుట ఆనాడు వకీలు తన వృత్తిని పణముగా ఒడ్డుటయే. అట్లు నిలిచినవారిలో మన ప్రకాశముగారు కూడ ఒకరు.

ఇవన్నియు పేరున్నవారి కేసులని, లేదా పేరున్న ఉద్యమపు కేసులని అనవచ్చును. పేరులేని పల్లెవారికి వకీలు ఏమి చేయగలడో 1923లో తేలినది. చౌరీ చౌరా పోలీసు ఠాణా దహనము కేసులో గోరఖ్‌పూరు సెషన్సు కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసినది. వారిలో అత్యధికులు సామాన్య గ్రామీణులు. అప్పటికి చాల కాలము క్రిందటనే వకీలు వృత్తి విడిచిన మదన మోహన మాలవీయగారు మరల గౌను తొడిగి అలహాబాదు హైకోర్టులో వారి అప్పీలు వాదించినారు. హైకోర్టు 19 మంది ఉరిశిక్షలను మాత్రమే ఖాయపరచినది. కాగితములు అవే, సాక్ష్యము అదే. ఒక్కొక్క ముద్దాయి పేరు తీసికొని, ఇతనిని చూచినదెవరు, ఎక్కడ చూచినారు, ఎంత నమ్మదగినది అని ఓపికతో అడుగు గొంతు ఉన్నప్పుడు న్యాయాధిపతుల దృష్టి ఒక గుంపుమీదనుండి ఒక్కొక్క మనిషి మీదికి మరలును. వకీలు చేయు పని అదియే.

తక్కిన సామాన్య కేసులలో ఏమి జరిగెడిది? ఉరిశిక్ష పడదగిన కేసులలో మాత్రము, ముద్దాయి కడు పేదయైనచో, సెషన్సు కోర్టు సర్కారు ఖర్చుమీద ఒక వకీలును నియమించు ఆచారము మన ప్రాంతములో ఏర్పడినది. దానినే 'స్టేటు బ్రీఫు' అనెడివారు. ఫీజు స్వల్పము. కావున సాధారణముగా అది వృత్తిలో క్రొత్తగా చేరిన పిన్నవయసువాని పాలబడెడిది. కొందరు దానిని శ్రద్ధతో చేసి పేరు తెచ్చుకొన్నారు. కొందరు విచారణనాటి ఉదయమున కాగితములు చేతికి తీసికొని ముద్దాయి ముఖము మొదటిసారి బోనులోనే చూచినారు. దొంగతనము, దొమ్మీ, కొట్లాట వంటి కేసులలో ఆపాటి ఆసరా కూడ లేదు.

ఇప్పుడు హైదరాబాదు ఘట్టమునకు వత్తము. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తరువాత తెలంగాణా రైతాంగ పోరాటమునకు సంబంధించిన హత్యానేరముల క్రింద పలువురిని ప్రత్యేక ట్రిబ్యూనళ్ల ఎదుట నిలిపినారు. 1949లో ఆ ట్రిబ్యూనళ్లు వేసిన ఉరిశిక్షలలో పన్నెండుగురి శిక్షలను హైదరాబాదు హైకోర్టు అదే సంవత్సరము డిసెంబరులో ఖాయపరచినది. కొన్ని వారములకే, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. నిర్బంధింపబడిన ప్రతివాడును తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించుటకును, అతనిచేత వాదింపజేసికొనుటకును గల హక్కును ఎవ్వరును నిరాకరింపరాదని దాని 22వ అధికరణము ప్రకటించినది.

ఖైదీల పక్షమున సుప్రీంకోర్టులో వాదించుటకు ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రఖ్యాత న్యాయవాది వచ్చినారు. రాజ్యాంగమునకు ముందే ముగిసిన కేసులలో అప్పీలు వినుటకు తమకు అధికారము లేదని సుప్రీంకోర్టు తేల్చినది. అంతట ప్రాథమిక హక్కుల భంగము పేరిట అర్జీలు పడినవి. అందు ముఖ్యమైన వాదములలో ఒకటి ఇది: ప్రాణము పోవు కేసులో ఈ ముద్దాయిలకు బంధువులతో మాటలాడి వకీలును కుదుర్చుకొను సరియైన అవకాశము ఇవ్వలేదు, కావున అది విచారణయే కాదు.

ఈ వాదమునకు బలముగా అమెరికానుండి ఒక కేసును ఉదహరించినారు. 1931లో అలబామా రాష్ట్రములో తొమ్మండుగురు నల్లజాతి బాలురపై మానభంగ నేరము మోపి, సరియైన వకీలు లేకుండనే కొద్ది దినములలో విచారణలు ముగించి, ఎనిమిదిమందికి మరణశిక్ష వేసినారు. మరణశిక్ష పడు కేసులో, తన్ను తాను కాపాడుకొనలేని ముద్దాయికి వకీలును నియమించుట కోర్టు ధర్మమని 1932లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దుచేసినది. అలబామా బాలుర కేసు తెలంగాణా రైతుల ప్రాణముల కొరకు ఢిల్లీలో వినబడుట చరిత్రలో గుర్తింపదగిన విషయము.

1951లో జనార్దనరెడ్డి కేసు పేరిట వెలువడిన ఆ తీర్పును జస్టిస్ ఫజల్ అలీగారు వ్రాసినారు. అర్జీలు కొట్టివేయబడినవి. అధికారము గల కోర్టు వేసిన శిక్షను, విచారణలో లోపమున్నదను కారణముచేత, ఈ మార్గమున రద్దుపరచుటకు వీలులేదన్నారు. ముద్దాయికి వకీలు లేనంత మాత్రమున ప్రతి ఉరిశిక్ష కేసును చెల్లదనుటకు వీలులేదనియు అన్నారు. కాని ఆ తీర్పులోనే మరియొక మాట కూడ ఉన్నది. న్యాయసహాయము లేమిచేత ముద్దాయి ఎంత నిస్సహాయుడైనాడనిన, ఆ విచారణ న్యాయమైన విచారణయే కాకుండ పోయినదని కనబడినప్పుడు, పై కోర్టు చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పనిలేదని దాని సారాంశము. అర్జీదారులు ఓడినారు, కాని వారి వాదము ఒక విత్తనమై తీర్పులో నిలిచినది. ఆ ఉరిశిక్షలు తరువాత యావజ్జీవ శిక్షలుగా మారినవి.

అదే 1951లో తారాసింగు కేసులో సుప్రీంకోర్టు ఇంకను స్పష్టముగా చెప్పినది. వకీలును పెట్టుకొనుటకు ముద్దాయికి అవకాశము కల్పించుటయే కోర్టు విధి. వకీలును కోరుట, వెదకుట, కుదుర్చుకొనుట ముద్దాయి పని, లేదా అతని బంధువుల పని. ప్రభుత్వము గాని, మేజిస్ట్రేటు గాని వకీలును సమకూర్చవలెనను హక్కు అందులో లేదు. రాజ్యాంగము వచ్చిన తొలిదినములలో చట్టము ఆ గుమ్మమువద్దనే నిలిచియుండినది.

అమెరికాలో ఆ గుమ్మమును ఒక బీదవాడు దాటించినాడు. క్లారెన్సు గిడియన్ అనువాడు ఫ్లారిడా రాష్ట్రములో ఒక ఆటల గదిలో దొంగతనమునకు చొరబడినాడని 1961లో విచారణకు వచ్చినాడు. నాకు వకీలును ఇప్పించుడని అడిగినాడు. మరణశిక్ష కేసులకే గాని ఇట్టివాటికి ఇయ్యమన్నారు. తానే వాదించుకొని ఐదేండ్ల శిక్ష పొందినాడు. జైలునుండి పెన్సిలుతో అర్జీ వ్రాసి సుప్రీంకోర్టుకు పంపినాడు. 1963 మార్చి 18న ఆ కోర్టు, ఘోరాపరాధముల విచారణలన్నింటిలోను పేద ముద్దాయికి వకీలును ఇయ్యవలసినదే అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆగస్టులో మరల విచారణ జరిగినది. ఈసారి ప్రక్కన వకీలున్నాడు. ముఖ్యసాక్షిని నిలదీసి ప్రశ్నించినాడు. గిడియన్ నిర్దోషియై ఇంటికి పోయినాడు.

మన దేశములో మార్పు తీర్పులతో గాక చర్చలతో మొదలైనది. 1958లో లా కమిషను తన 14వ నివేదికలో పేదలకు న్యాయసహాయమును గురించి ఒక అధ్యాయమే వ్రాసినది. 1973లో జస్టిస్ కృష్ణయ్యరుగారి సంఘము దేశమంతటికి వర్తించు పథకమును సూచించినది. 1974 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన క్రొత్త నేర విచారణ స్మృతి 304వ సెక్షనులో, సెషన్సు విచారణలో వకీలును పెట్టుకొను స్తోమత లేని ముద్దాయికి కోర్టు ప్రభుత్వ వ్యయముమీద వకీలును నియమించవలెనని విధించినది. 1976 నాటి 42వ సవరణతో ఉచిత న్యాయసహాయము రాజ్యాంగములోని ఆదేశిక సూత్రములలో 39-ఏ అధికరణముగా చేరినది.

ఆ తరువాత సుప్రీంకోర్టు ఒక్కొక్క మెట్టు ఎక్కినది. 1978లో హాస్కాట్ కేసులో, తీర్పు నకలు ఖైదీకి ఉచితముగా ఇయ్యవలెననియు, అప్పీలుకు వకీలును సమకూర్చవలెననియు చెప్పినది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల దుస్థితి బయటపడినది. నేరము రుజువైనచో పడదగిన శిక్షకంటె ఎక్కువకాలము విచారణయే లేకుండ మ్రగ్గిన వారక్కడ ఉండిరి. పేద ముద్దాయికి ఉచిత న్యాయసహాయము జీవితహక్కులోనే ఇమిడియున్నదని జస్టిస్ భగవతిగారు ప్రకటించినారు. ఆపైన భాగల్పూరు ఖైదీల కండ్లు పొడిచిన ఘోరమునకు సంబంధించిన ఖాత్రి కేసులో, ఈ హక్కు విచారణనాడు గాక, మేజిస్ట్రేటు ఎదుట మొదటిసారి నిలిపిన క్షణమునుండియే పుట్టునని తేల్చినారు.

అయినను ఒక చిక్కు మిగిలినది. అడుగనివానికి ఇయ్యవలెనా? 1986లో అరుణాచల ప్రదేశమునుండి వచ్చిన సుఖ్‌దాస్ కేసులో దీనికి జవాబు దొరికినది. ఆ ముద్దాయి వకీలు లేకుండనే విచారింపబడి శిక్ష పొందినాడు. అతడు అడుగలేదు గనుక ఇయ్యలేదని ప్రభుత్వము వాదించినది. చదువు లేనివానికి తన హక్కు ఉన్నదనియే తెలియదు, తెలియనిదానిని అతడెట్లు అడుగునని కోర్టు ప్రశ్నించి శిక్షను రద్దుచేసినది. 1951లో 'ముద్దాయి అడుగవలెను' అన్న కోర్టే, ముప్పదియైదేండ్లకు 'కోర్టే చెప్పవలెను' అన్నది. హైదరాబాదు కేసులో పడిన విత్తనము ఆనాటికి చెట్టైనదని అనవచ్చును.

1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. నిర్బంధములో ఉన్నవారు, స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు తమ ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. తక్కినవారికి ఆదాయపరిమితి ఉన్నది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. మండల స్థాయిలో సంఘములున్నవి. 15100 అను నంబరుకు టెలిఫోను చేసి సహాయము కోరవచ్చును. 2022లో ముద్దాయిల పక్షమున పూర్తికాలము పనిచేయు రక్షణ న్యాయవాదుల పద్ధతిని జిల్లాలలో ప్రవేశపెట్టినారు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో వకీలును పెట్టుకొను హక్కు మరల 340వ సెక్షనుగానే వచ్చినది. 1898 నాటి సంఖ్య తిరిగి వచ్చినదన్నమాట. దాని ప్రక్కనే 341వ సెక్షను ఉన్నది. స్తోమత లేనివానికి కోర్టు వకీలును నియమించవలెనను ఆ విధి ఇప్పుడు సెషన్సు కోర్టుకు మాత్రమే పరిమితము కాదు. 1898లో ఒంటరిగా నిలిచిన సెక్షనుకు నూటపాతికేండ్లకు ప్రక్కన ఒక తోడు నిలిచినది.

కథ ఇంతటితో ముగిసినదనుటకు వీలులేదు. వకీలు ఉండుట ఒకటి. సిద్ధపడిన వకీలు ఉండుట మరియొకటి. 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతియే పరిశీలించినది. ఆ కేసులో ముద్దాయికి వకీలును నియమించిన దినముననే నేరారోపణ జరిగినది. రెండు వారములలోపుననే విచారణ ముగిసి, మరణశిక్షతో తీర్పు వచ్చినది. స్టేటు బ్రీఫు నాటి పాత జబ్బే ఇది. మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని పడగల కేసులలో కనీసము పది సంవత్సరముల అనుభవము గలవారినే నియమించవలెననియు, సిద్ధపడుటకు సాధారణముగా ఏడు దినములకు తక్కువ కాకుండ గడువు ఇయ్యవలెననియు కోర్టు ఆదేశించి, ఆ కేసును పునర్విచారణకు పంపినది.

మరియొక జబ్బు మన మనస్సులోనే ఉన్నది. ఉచితముగా వచ్చు వకీలు ఏపాటివాడని ఇంటివారు పెదవి విరతురు. అప్పుచేసియైనను డబ్బిచ్చి పెట్టుకొన్న వకీలే వకీలని తలతురు. డబ్బిచ్చినంత మాత్రమున శ్రద్ధ రాదు. ఇయ్యనంత మాత్రమున పోదు. చిత్తరంజన్ దాసుగారును, మాలవీయగారును ఈ మాటకు సాక్షులు. వకీలును తూచుటకు రాళ్లు వేరే ఉన్నవి. ముద్దాయిని జైలులో కలిసి మాటలాడినాడా? చార్జిషీటు నకలు చదివినాడా? వాయిదానాడు తానే వచ్చినాడా, గుమాస్తాను పంపినాడా? సాక్షిని ప్రశ్నించుటకు ముందు ఘటన జరిగిన తావు ఏదో తెలిసికొన్నాడా? కేసు గెలిపించెదనని మాట ఇచ్చి, గెలుపును బట్టి వాటా అడుగుట ఈ వృత్తిలో నిషిద్ధము. అట్టి బేరము పెట్టినవానికి దూరముగా ఉండుట మేలు.

ఏ ఊరిలోనైనను, ఏదో ఒక ఇంట, ఒకనిని పట్టుకొనిపోయినారను వార్త రాక తప్పదు. పెద్దమనిషికి కబురు పోవును, పెట్టె తెరచుకొనును. పట్టాను తాకట్టు పెట్టుటకు ముందు ఆ ఇంటివారికి తెలియవలసిన మాట ఒకటున్నది. మేజిస్ట్రేటు ఎదుట నిలిపిన మొదటి దినముననే, 'అయ్యా, మావానికి వకీలు లేడు' అని ఒక్కమాట చెప్పిన చాలును. చెప్పకపోయినను అడుగవలసినది ఆ మేజిస్ట్రేటే. అది దయ కాదు, విధి. ఆ మాట చెప్పుట తెలియక పొలము పోగొట్టుకొన్న ఇండ్లు మన పల్లెలలో ఎన్నియో ఉన్నవి. ఈ సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పుదురు గాక.